కడుపులో కట్టిన బిళ్ళలు

శ్రావణమాసంలో మా మనవడికి ఉండుండి కడుపునొప్పి వస్తూండేది. ఆరేళ్ళవాడు, బొడ్డు దగ్గర చెయ్యి పెట్టుకుని మూలిగేవాడు. స్కాను తీయిస్తే, పేగుల పక్కన లింఫు గ్రంథులు పెరిగి ఉన్నాయని చీటీ రాసిచ్చారు. గ్రంథులనేసరికి క్షయో, ఇంకా పెద్ద జబ్బో అని ఇంటిల్లిపాదికీ గుండె జారింది. పైకి మాత్రం ఎవరూ అనలేదు. మా అమ్మాయి ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు పిల్లల డాక్టరుగారు చీటీ చూసి నన్నడిగారు: "మాస్టారూ, చిన్నప్పుడు మీ కాల్లో ముల్లు విరిగితే గజ్జల్లో బిళ్ళ కట్టేది కాదూ?"

"కట్టేది."

"ఇదీ ఆ బాపతే. కాలికి గజ్జల్లో ఉన్నట్టే పేగులకూ బిళ్ళలున్నాయి. ముల్లెక్కడుందో చూడాలి."

పిల్లలకు జలుబు, జ్వరం వచ్చినా ఇవి ఉబ్బుతాయట. మావాడికి మాత్రం మలపరీక్షలో ఏలికపాము గుడ్లు కనబడ్డాయి.

ఆయన చెప్పినదాంట్లో నాకు అర్థమైనది ఇది. పేగు గోడలో కొన్ని కణాలు కాపలా కాస్తుంటాయి. ఏలికపాము విడిచిన పదార్థాల తునకలు పట్టుకుని, సన్నని లింఫు కాలువల వెంట ఈ గ్రంథులకు చేరుకుంటాయి. అక్కడ లక్షలకొద్దీ తెల్లకణాలు. ఒక్కొక్కటీ ఒక్కొక్క శత్రువునే గుర్తుపట్టగలదు. ఆ తునకకు సరిపోయిన కణం దొరికిందా, అది ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతుంది. రక్తంలో పోయే కణాలు కూడా వచ్చి అక్కడ ఆగిపోతాయి. సంతరోజున ఊరు నిండినట్టు గ్రంథి నిండుతుంది. ఉబ్బేది అందుకే.

నాకు వింతగా తోచింది తర్వాతి సంగతి. సూక్ష్మజీవినైతే కణం మింగేస్తుంది. జానెడు ఏలికపామును మింగేదెలా? కనుక గ్రంథి వేరే ఎత్తు వేస్తుంది. మింగటం కాదు, గెంటటం! అక్కడ తయారైన కణాలు పేగుకు తిరిగివచ్చి జిగురు ఎక్కువగా ఊరేట్టు, పేగు గట్టిగా కదిలేట్టు చేస్తాయి. ఇయొసినోఫిల్ అనే కణాలను పిలిపిస్తాయి. మావాడి రక్తంలో అవి ఎక్కువగా ఉండటానికి కారణమదే. ఐజీఈ అనే ప్రతిరక్షకం కూడా అప్పుడు పుడుతుంది. 1966లో దాన్ని బయటపెట్టిన ఇషిజాకా దంపతులు వెతికింది పురుగుల మందు కోసం కాదు, తుమ్ములు తెప్పించే పదార్థం కోసం. పాము కోసం దాచిన కర్రతో మన ఒళ్ళే వాయించుకుంటున్నాం కాబోలు, పుప్పొడి తగిలినప్పుడల్లా!

అయితే ఏలికపామూ తక్కువది కాదు. ఈ ఉద్రేకాన్ని చల్లార్చే పదార్థాలు తానూ విడుస్తుంది. అలా ఏడాదికి పైగా కాపురముంటుంది. ఆడది రోజుకు 2 లక్షల గుడ్లదాకా పెడుతుంది.

అందుకే మాత్ర. ఆల్బెండజోల్, 400 మిల్లీగ్రాములు, ఒక్కటి. ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. 2015 నుంచి మన దేశంలో ఫిబ్రవరి నెలలో బడిపిల్లలకు ఇదే మాత్ర ఉచితంగా వేస్తున్నారు. ఈ ఏడు ఆ రోజున, అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు వెళ్ళాక, "బడిలో వేసే మందు మనకెందుకులే" అని మనవణ్ణి ఇంట్లోనే ఉంచినవాణ్ణి నేను. డాక్టరుగారి దగ్గర ఆ మాట నోట రాలేదు. ఇంటికొచ్చాక అమ్మాయితో చెప్పాను.

నెలన్నరకు మళ్ళీ స్కాను తీయించాం. బిళ్ళలు తగ్గాయి. పాత చీటీని మాత్రం మా అమ్మాయి ఇంకా బీరువాలో దాచే ఉంచింది.