కొండవాలు – చెరువు – జ్ఞాపకం

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలు గుట్టలకు, చెరువులకు నెలవులు. గుట్టపై కురిసిన వాన వాలు వెంట జారి, వాగై, దిగువనున్న చెరువును చేరుతుంది. కందూరు చోడుల కాలం నాటి పానగల్లు ఉదయసముద్రం వంటి జలాశయాల నిర్మాణానికి ఈ నేలవాలే ఆధారం. చినుకు ఎక్కడ పడినా దాని గమ్యాన్ని నిర్ణయించేది వాలు. జ్ఞాపకం కూడా ఇటువంటిదేనని గణితంతో నిరూపించిన భౌతికశాస్త్రవేత్త జాన్ హాప్‌ఫీల్డ్.

ఆయన 1933లో అమెరికాలోని షికాగో నగరంలో జన్మించారు. సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో పరిశోధించి 1958లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు. ప్రిన్‌స్టన్‌లో భౌతికశాస్త్ర ఆచార్యులుగా స్థిరపడి కూడా, 1980లో ఆ పదవిని వీడి కాల్‌టెక్‌లో రసాయన, జీవశాస్త్రాల ఆచార్యులయ్యారు. పేరు తెచ్చిన శాస్త్రాన్ని నడివయసులో దాటి, మెదడును అర్థం చేసుకోవడానికి పూనుకోవడం సాహసమే.

అయితే ఆయన రిక్తహస్తాలతో వెళ్లలేదు. పదార్థంలోని పరమాణువులు చిన్న అయస్కాంతాలవలె పరస్పరం ప్రభావితమవుతాయని భౌతికశాస్త్రం బోధిస్తుంది. నాడీకణాల అల్లికకు ఆయన ఈ సూత్రాన్నే అన్వయించి 1982లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆ నమూనాలో ప్రతి కణానికి రెండే స్థితులు. కణాల మధ్య బంధాల బలాన్ని సవరిస్తే, నేర్చిన ప్రతి చిత్రమూ శక్తి తక్కువగా ఉండే ఒక లోయగా ఏర్పడుతుంది. చెరిగిన చిత్రాన్ని చూపితే కణాలు ఒక్కొక్కటిగా స్థితి మార్చుకుంటూ, నీరు పల్లానికి చేరినట్లు, సమీపంలోని లోయను చేరి పూర్తి చిత్రాన్ని అందిస్తాయి. దీనికి పరిమితి లేకపోలేదు. నూరు కణాల అల్లిక సుమారు 14 చిత్రాలను మాత్రమే నిలుపుకోగలదు. అంతకు మించితే, గట్లు తెగిన చెరువులవలె జ్ఞాపకాలు కలగలిసిపోతాయి.

మనస్తత్వశాస్త్రం చదివిన జెఫ్రీ హింటన్ సహచరులతో కలిసి ఈ నమూనాకు సాంఖ్యక భౌతికశాస్త్రాన్ని జోడించి, 1985లో బోల్ట్జ్‌మన్ యంత్రాన్ని వివరించారు. మెషీన్ లెర్నింగ్‌కు పునాదులు వేసినందుకు వీరిద్దరికీ 2024లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

తెలుగువారిలోనూ ఇటువంటి ప్రయాణం కనిపిస్తుంది. గుంటూరులో జన్మించిన మాతుకుమల్లి విద్యాసాగర్ నియంత్రణ వ్యవస్థల గణితం నుండి అభ్యసన సిద్ధాంతానికి వచ్చి, 1997లో ఆ విషయంపై గ్రంథం వెలువరించారు.

ఇంటర్మీడియట్‌లో ఎంచుకున్న గ్రూపే జీవితానికి సరిహద్దు అవుతుందని భయపడే విద్యార్థులు గమనించవలసినది ఇదే. శాస్త్రం మారినా, దానిని లోతుగా నేర్చినవారికి ఆలోచనా పద్ధతి తోడుగా వస్తుంది. పైపైన నేర్చినవారికి మాత్రం వెంట తీసుకువెళ్లడానికి ఏమీ మిగలదు.