నిమ్మగడ్డి టీ తాగితే క్యాన్సర్ పోతుందా? ఆ వాట్సాప్ మెసేజ్ వెనుక అసలు కథ ఇదీ..

రోజూ నిమ్మగడ్డి టీ తాగితే క్యాన్సర్ కణాలు వాటంతట అవే చచ్చిపోతాయి.. ఈ మెసేజ్ మీ ఫ్యామిలీ గ్రూప్‌లోకి కూడా వచ్చే ఉంటుంది. ఇలాంటివి చాలావరకు కట్టుకథలే. కానీ దీని వెనుక నిజంగానే ఒక రీసెర్చ్ ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ యూనివర్సిటీ సైంటిస్టులు 2005లో ఈ స్టడీ పబ్లిష్ చేశారు. నిమ్మగడ్డి నూనెకు ఆ వాసన తెచ్చేది సిట్రాల్ అనే పదార్థం. దాన్ని ల్యాబ్‌లో పెంచిన క్యాన్సర్ కణాలపై వేసి చూశారు. కణాల్లో కాస్పేస్-3 అనే ఎంజైమ్ పనిచేయడం మొదలై, అవి తమను తామే చంపుకున్నాయి. ఒక గ్రాము నిమ్మగడ్డితో చేసిన కప్పు టీలో అంత సిట్రాల్ ఉంటుందని కూడా లెక్క చెప్పారు. ఇంకేముంది.. పేషెంట్లు నిమ్మగడ్డి కోసం పొలాల బాట పట్టారని అప్పట్లో అక్కడ వార్తలొచ్చాయి.

మరి తేడా ఎక్కడుంది? ల్యాబ్‌లో సిట్రాల్ నేరుగా కణాలకు తగులుతుంది. టీ తాగితే అలా కాదు.. ముందు కడుపు, పేగులు, ఆ తర్వాత లివర్ దాటాలి. ఎలుకలకు సిట్రాల్ ఇచ్చి చూస్తే, అది చాలా త్వరగా వేరే పదార్థాలుగా మారి ఎక్కువ భాగం మూత్రంలో బయటకు పోయింది. అంటే కప్పులో ఉన్న మోతాదు వేరు, ట్యూమర్ దాకా చేరే మోతాదు వేరు. ఆ మాటకొస్తే ల్యాబ్ గిన్నెలోని క్యాన్సర్ కణాలను బ్లీచింగ్ పౌడర్ కూడా చంపేస్తుంది!

అలాగని మొక్కలను తీసిపారేయలేం. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్ వచ్చింది. 1963లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందును పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు ఇప్పటికీ వాడుతున్నారు. అయితే ఆకులు నమిలితే వచ్చే ఫలితం కాదది. శుద్ధి చేసి, మిల్లీగ్రాముల్లో కొలిచి, నరంలోకి ఎక్కిస్తారు.

సుగంధ నూనెల్లో ఉండే పెరిలిల్ ఆల్కహాల్ కూడా మనుషులపై ట్రయల్స్ దాకా వెళ్లింది. నోటి ద్వారా ఇస్తే వికారం, వాంతులతో చాలామంది తట్టుకోలేకపోయారు. తర్వాత బ్రెజిల్ డాక్టర్లు బ్రెయిన్ ట్యూమర్ పేషెంట్లకు ముక్కుతో పీల్పించి చూశారు. అదీ ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

అసలు భయం టీ గురించి కాదు, దాన్ని నమ్మి ట్రీట్‌మెంట్ మానేయడం గురించి. అమెరికాలో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు, అసలు వైద్యం వదిలేసి ప్రత్యామ్నాయ పద్ధతులకే వెళ్లిన 281 మంది రికార్డులను పరిశీలించారు. మామూలు వైద్యం తీసుకున్నవారితో పోలిస్తే వీళ్లకు చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. వీళ్లలో ఎవరికీ క్యాన్సర్ మొదట్లో ఒళ్లంతా పాకలేదు. అంటే నయమయ్యే అవకాశం ఉన్నవాళ్లే!

నిమ్మగడ్డి టీ ఇష్టమైతే తాగొచ్చు. సీసాల్లో అమ్మే గాఢమైన నూనెను మాత్రం మింగకండి. కీమో నడుస్తుంటే ఏ మూలిక వాడుతున్నా డాక్టర్‌కు ముందే చెప్పండి.. కొన్ని మూలికలు కీమో మందులతో పడవు.