కరెంటొచ్చింది, కంప్యూటర్ పోయింది

హైదరాబాద్ మాదన్నపేట మండి చుట్టుపక్కల సందుల్లో గాలివాన మొదలైతే కరెంటు పోవడం కొత్త కాదు. రెండు నిమిషాలకు వస్తుంది, మళ్లీ పోతుంది, మళ్లీ వస్తుంది. అంతా సద్దుమణిగాక ఎవరింట్లోనో కంప్యూటర్ ఆన్ కాదు. ‘కరెంటు పోయి పాడైంది’ అంటారు. చాలాసార్లు అది పోయినందుకు కాదు, వచ్చినందుకు పాడై ఉంటుంది. పోయినప్పుడు నష్టపోయేది మన పని. వచ్చినప్పుడు కాలేది యంత్రం.

ఒకప్పటి కోతలు కంప్యూటర్లకు ఇంత చేటు చేయలేదేమో అనిపిస్తుంది. 2012 ప్రాంతంలో హైదరాబాద్‌లో గంటల కొద్దీ కోతలుండేవి గానీ వేళలు ముందే చెప్పేవారు, జనం చూసుకుని కంప్యూటర్ కట్టేసేవారు. ఇప్పుడు నగరంలో కోతలకు ఉత్పత్తి కొరత కారణం కాదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ దేశం గ్రిడ్‌తో కలిసింది కూడా. చిక్కంతా చివరి వంద గజాల్లో ఉంది. ట్రాన్స్‌ఫార్మర్, స్తంభం, జంపర్, సర్వీసు వైరు: వీటిలో ఏది ఎప్పుడు మొరాయిస్తుందో టైంటేబుల్ ఉండదు.

ముందు కరెంటు పోవడం సంగతి. ఇంటికి వచ్చేది 230 వోల్టుల ఏసీ, సెకనుకు 50 ఆవృత్తాలు. చిప్పులకు కావలసింది 12 వోల్టులు, 5 వోల్టులు, ఇంకా తక్కువ డీసీ. ఈ మార్పిడి చేసేది సీపీయూ పెట్టె వెనక ఉండే ఎస్‌ఎంపీఎస్. అది ఏసీని డీసీగా మార్చి ఒక పెద్ద కెపాసిటర్‌లో నింపుకుంటుంది. 230 అనేది ఒక రకం సగటు లెక్క, అల శిఖరం దగ్గర 325 వోల్టులుంటుంది. కెపాసిటర్ నిండేది ఆ శిఖరం దాకా. నల్లా బందయ్యాక మేడ మీది ట్యాంకు కాసేపు నీళ్లిచ్చినట్టు, కరెంటు పోయాక ఈ నిల్వే ఆదుకుంటుంది. నిండు లోడు మీద ఆ ‘కాసేపు’ దాదాపు 16 మిల్లీసెకన్లు. బల్బు ఒక్కసారి రెప్ప కొట్టినా కంప్యూటర్ నడుస్తూనే ఉండేది ఇందుకే. నిల్వ అడుగంటుతుంటే ఎస్‌ఎంపీఎస్ మదర్‌బోర్డుకు సంకేతం పంపుతుంది, ప్రాసెసర్ అక్కడికక్కడ ఆగిపోతుంది. చిప్పులకు మామూలుగా ఏమీ కాదు.

ఫైళ్లకే ముప్పు. ‘సేవ్’ నొక్కగానే అంతా డిస్కు మీదికి ఎక్కినట్టు కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని మెమరీలో పెట్టుకుని, వీలు చూసుకుని రాస్తుంది. లైనక్స్ మామూలు అమరికలో ఈ ఆలస్యం 30 సెకన్ల దాకా పోవచ్చు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో జర్నల్ అనే చిట్టా ఉంటుంది. అది ఫైలు పేరు, చోటు, పరిమాణం లాంటి వివరాలను కాపాడుతుంది గానీ లోపలి సరుకుకు పూచీ పడదు. అందుకే కరెంటొచ్చాక చూస్తే ఫైలు పేరు సరిగ్గానే ఉంటుంది, సైజూ ఉంటుంది, తెరిస్తే లోపల అన్నీ సున్నాలు. పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా వాడే ఫ్యాట్32కు ఆ చిట్టా కూడా లేదు.

పాత హార్డ్‌డిస్కు ఈ విషయంలో మనం అనుకున్నంత అమాయకురాలు కాదు. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పళ్లెం మీద రీడింగ్ హెడ్ కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది. కరెంటు పోగానే తిరుగుతున్న మోటారే జనరేటర్‌గా మారి, ఆ కాస్త విద్యుత్తుతో హెడ్‌ను పక్కకు లాగి భద్రంగా పెడుతుంది. దాని స్థానంలో వచ్చిన ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు గనుక భయం లేదనుకుంటే పొరపాటు. 2013లో అమెరికా పరిశోధకులు 15 ఎస్‌ఎస్‌డీలకు పదేపదే కరెంటు తీసేసి పరీక్షిస్తే 13 ఏదో ఒక రకంగా తప్పాయి. సర్వర్ల కోసం చేసే ఖరీదైన ఎస్‌ఎస్‌డీల్లో దీనికోసమే చిన్న కెపాసిటర్ల వరస పెడతారు. ఇళ్లలో వాడేవాటిలో సాధారణంగా ఉండదు.

ఇక కరెంటు రావడం. పోయినప్పుడు ఎవరూ స్విచ్చులు కట్టరు. ఫ్రిజ్‌లు, ఏసీలు, బోరు మోటార్లు ఎక్కడివక్కడే ఉంటాయి. కరెంటు రాగానే అన్నీ ఒక్కసారి లాగుతాయి. మోటారు కదిలేటప్పుడు మామూలుకన్నా ఐదారు రెట్లు ఆంపియర్లు తీసుకుంటుంది. వోల్టేజి కుంగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు మళ్లీ పోతుంది. ఎక్కడైనా బలహీనమైన జాయింటు ఉంటే అది తెగేది కూడా ఈ క్షణంలోనే. ఆ జాయింటు న్యూట్రల్‌ది అయితే వీధిలో సగం ఇళ్లకు మూడినట్టే.

ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను దించి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్‌గా వీధిలోకి పంపుతుంది. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, ఫేజుకూ ఫేజుకూ మధ్య 400. ఇళ్లను మూడు ఫేజులకూ పంచుతారు, న్యూట్రల్ మాత్రం అందరికీ ఒకటే. రెండిళ్లు తీసుకుందాం. ఒకరింట్లో 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టె నడుస్తోంది. వేరే ఫేజు మీదున్న ఎదురింట్లో కంప్యూటర్, లైట్లు కలిపి 200 వాట్లు. స్తంభం దగ్గర ఉమ్మడి న్యూట్రల్ తెగింది. తిరుగుదారి లేని కరెంటు ఇస్త్రీ పెట్టె గుండా వచ్చి, ఎదురింటి సామాన్ల గుండా రెండో ఫేజుకు పోతుంది. రెండిళ్లూ కలిసి 400 వోల్టులను పంచుకోవాలి. ఇస్త్రీ పెట్టె నిరోధం సుమారు 53 ఓములు, ఎదురింటిది 265. నిరోధం ఎక్కువున్న వైపే వోల్టేజి ఎక్కువ. ఇస్త్రీ ఇంటికి 67 వోల్టులు, కంప్యూటర్ ఇంటికి 333! తక్కువ వాడుకున్న పాపానికి ఎక్కువ దెబ్బ తినడం ఇక్కడే చూస్తాం.

333 వోల్టుల ఏసీకి శిఖరం 471. ఎస్‌ఎంపీఎస్ మూత విప్పి ఆ నల్లటి డబ్బా లాంటి కెపాసిటర్ మీద చూడండి, 400 వోల్టులనో 450 అనో రాసి ఉంటుంది. పైకప్పు మీద నొక్కినట్టున్న గీతలు ఇలాంటి సందర్భం కోసమే. లోపల ఒత్తిడి పెరిగితే అక్కడే ఉబ్బి చీలుతుంది. ‘మరి మెయిన్ బోర్డులో ఫ్యూజు బదులు ఉండే ఎంసీబీ ఎందుకు పడలేదు?’ అని అడుగుతారు. ఎంసీబీ చూసేది ఆంపియర్లను, వోల్టులతో దానికి పని లేదు.

న్యూట్రల్ ఊరికే తెగదు. అల్యూమినియం తీగను రాగి తీగతో మెలిపెట్టి వదిలేస్తే వానతడికి ఆ అతుకు తుప్పు పడుతుంది, తుప్పుకు వేడెక్కుతుంది, వేడికి వదులవుతుంది. ఇంట్లో ఒక లైటు ఎన్నడూ లేనంతగా వెలిగి, ఎదురింట్లో అదే వేళ మిణుకుమిణుకుమంటుంటే అనుమానం అక్కర్లేదు. వెంటనే మెయిన్ కట్టేసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయాలి.

ఈ ప్రమాదానికి మనవాళ్లు కొనేది స్పైక్ బస్టర్. అందులో జింక్ ఆక్సైడ్‌తో చేసిన బిళ్ల ఒకటి ఉంటుంది. పిడుగు వల్లనో, దగ్గర్లో పెద్ద మోటారు ఆగడం వల్లనో మైక్రోసెకన్ల పాటు వచ్చే పోటును అది మింగుతుంది. నిమిషాల తరబడి 333 వోల్టులొస్తే బిళ్ల కాలిపోతుంది, అంతే. పైగా దాని పని పూర్తిగా జరగాలంటే మూడో పిన్నుకు ఎర్తింగ్ ఉండాలి. సీపీయూ పెట్టెకు చేతి వెనక వైపు ఆనిస్తే చురుక్కుమంటోందా? ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్ గుండా సుమారు సగం వోల్టేజి పెట్టె మీద తేలుతోంది, ఎర్తింగ్ లేదన్నమాట. నన్నడిగితే మొదటి రూపాయి ఎర్తింగ్ మీద, రెండోది మీటరు పక్కన పెట్టే ఓవర్ వోల్టేజి ప్రొటెక్టర్ మీద ఖర్చు చేయమంటాను. హద్దు దాటితే అది ఇంటికి సరఫరా తెంచేస్తుంది, వోల్టేజి కుదురుకున్నాక కాస్త ఆగి కలుపుతుంది. పోతూ వస్తూ ఉండే ఆ రెండు మూడు నిమిషాల నుంచి తప్పించేది కూడా ఆ ఆలస్యమే.

యూపీఎస్ వంతు ఆ తర్వాతే. మామూలు యూపీఎస్ 10 మిల్లీసెకన్ల లోపే బ్యాటరీకి మారుతుంది గనుక కెపాసిటర్ నిల్వతో సరిపోతుంది. ఇంటి ఇన్వర్టర్‌కు వెనక స్విచ్చు ‘యూపీఎస్’ వైపు లేకపోతే ఎక్కువసేపు పడుతుంది, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. చిన్న యూపీఎస్‌లో ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. అది పని పూర్తి చేసుకోవడానికి కాదు, సేవ్ చేసి కట్టేయడానికి. ఎండాకాలం సాయంత్రాల్లో లో వోల్టేజికి యూపీఎస్ మాటిమాటికీ బ్యాటరీ మీదికి పోతుంది, అసలు కరెంటు పోయేసరికి అందులో ఏమీ మిగలదు. వేడికి బ్యాటరీ రెండు మూడేళ్లకే చేతులెత్తేస్తుంది, కొన్న తేదీ దాని మీద రాసి పెట్టుకుంటే మేలు. జిరాక్స్ సెంటర్ల వాళ్లు లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించకూడదు. కాగితం మీద పొడిని కరిగించే హీటరు వందల వాట్లు లాగుతుంది, ఒక్క ప్రింటుకే యూపీఎస్ కూతపెట్టి ఆగిపోతుంది.