స్విచ్ ఆపినా షాక్ ఎందుకు కొడుతుంది?

మన ఇళ్లలో ప్రతి ప్లగ్ సాకెట్ పక్కన ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని ఆపితే సాకెట్‌లో కరెంటు లేనట్టేనని అనుకుంటాం. వైరింగ్ సరిగ్గా ఉంటేనే అది నిజం.

ఇంటికి వచ్చే 230 వోల్టుల సరఫరాలో ఫేజ్, న్యూట్రల్ అని రెండు తీగలుంటాయి. షాక్ ప్రమాదం ప్రధానంగా ఫేజ్‌తోనే. స్విచ్ ఈ రెంటిలో దేన్ని తెంపినా కూలర్ ఆగిపోతుంది. అందుకే తప్పు ఏళ్ల తరబడి బయటపడదు. స్విచ్‌ను న్యూట్రల్‌పై పెడితే, కూలర్ ఆగినా దాని లోపలి తీగల్లో 230 వోల్టులు అలాగే ఉంటాయి. ఇన్సులేషన్ చెడి తీగ ఇనుప బాడీకి తగిలితే, ఎర్తింగ్ కూడా లేకపోతే, స్విచ్ ఆపానన్న ధైర్యంతో నీళ్లు పోసేవారి ప్రాణానికే ముప్పు.

సరైన పద్ధతిలో ఫేజ్ తీగ స్విచ్ గుండా సాకెట్‌కు చేరాలి. మనం ఎదురుగా నిలబడి చూస్తే ఫేజ్ కుడి రంధ్రానికి, న్యూట్రల్ నేరుగా ఎడమ రంధ్రానికి, ఎర్త్ పైనున్న పెద్ద రంధ్రానికి వెళ్లాలి.

దీన్ని టెస్టర్‌తో తెలుసుకోవచ్చు. స్విచ్ వేసినప్పుడు కుడి రంధ్రంలో మాత్రమే వెలగాలి. ఆపాక ఎందులోనూ వెలగకూడదు. తేడా ఉంటే బోర్డు విప్పకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉంటే, లీకైన కరెంటును పసిగట్టి సరఫరాను క్షణంలోపే తెంచుతుంది. అది ఉన్నా లేకున్నా, కూలర్‌లో నీళ్లు పోసే ముందు ప్లగ్ పీకేయడమే మేలు.