పెళ్ళితో పోయే హక్కులు

స్త్రీల సమానత్వమును గూర్చి మాట్లాడేటప్పుడు చదువు, ఉద్యోగము, ఓటు అనే మూడింటిని లెక్కపెట్టడము మనకు అలవాటు. నాలుగవ ప్రశ్న ఒకటి ఉన్నది. పెళ్ళికి ముందు ఆడపిల్లకు ఉన్న హక్కు, మెడలో తాళి పడిన తరువాత కూడ నిలుస్తుందా?

నేను బడిలో పాఠాలు చెప్పే కార్క్, ఐర్లాండు దేశములో రెండవ పెద్ద నగరము. ఇక్కడి విశ్వవిద్యాలయ కళాశాలలో 1910లో మేరీ రయన్ గారు ఆచార్యులుగా నియమింపబడ్డారు. ఈ దేశములో ఆ పదవి పొందిన మొదటి స్త్రీ ఆమెయే. అంత ముందుగా తలుపు తెరచిన దేశమే 1934లో ఒక నియమము పెట్టినది. ప్రాథమిక పాఠశాలలలో కొత్తగా చేరే ఉపాధ్యాయిని పెళ్ళి చేసుకుంటే ఉద్యోగము మానవలెను. అది ఉద్యోగాలు కరవైన కాలము. భర్త సంపాదన ఉన్న స్త్రీ తప్పుకుంటే మరొకరికి చోటు దొరుకుతుందని చెప్పారు. భార్య సంపాదన ఉన్న పురుషుడిని మాత్రము తప్పుకోమనలేదు. చివరకు శిక్షణ పొందిన ఉపాధ్యాయులు చాలక 1958లో ఆ నియమమును తీసివేశారు. ప్రభుత్వ కార్యాలయాలలో ఇటువంటి నియమము 1973 వరకు సాగినది. అలా ఉద్యోగము విడిచిన వారిలో పలువురికి చందాలు చాలక ముసలితనములో పింఛను తగ్గినది.

ఇది పరదేశపు వింత అనుకోరాదు. ఆంధ్ర ప్రదేశ్‌లో 1986లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వము చేసిన చట్టము, ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కొడుకుతో సమానముగా వాటా ఇచ్చినది. చాల గొప్ప పని. కాని అది అమలులోకి వచ్చిన 1985 సెప్టెంబరు 5కు ముందే పెళ్ళి అయిన కుమార్తెలకు వర్తించలేదు. చెల్లెలికి వాటా ఉన్నది, అత్తవారింటికి వెళ్ళిన అక్కకు లేదు! 2005లో కేంద్ర చట్టము ఈ భేదమును తొలగించినది.

మన పూర్వికుల కథ మరొక విధము. నేటాలు చెరకు తోటలలో గిరిమిట్ స్త్రీకి పురుషుని కూలిలో సగమే దక్కేది. 1913లో కేప్ న్యాయస్థానములో సెర్ల్ అనే న్యాయమూర్తి ఇచ్చిన తీర్పుతో, క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళిళ్ళకు చట్టములో గుర్తింపు లేకుండ పోయే స్థితి వచ్చినది. ఇక్కడ పెళ్ళి వలన హక్కు పోలేదు, పెళ్ళే పోయినది. మన స్త్రీలు సత్యాగ్రహములో దిగి చెరసాలకు వెళ్ళారు. 1914 చట్టముతో ఆ చిక్కు తీరినది.

చట్టాలు మారినవి. ఇక మిగిలినది ఏమి? ఐర్లాండు 1937 రాజ్యాంగములో, ఇంటి విధులు విడిచి తల్లులు పనికి పోవలసిన గతి పట్టకుండ ప్రభుత్వము చూడవలెనని ఒక మాట ఉన్నది. 2024 మార్చి 8న దానికి బదులు కుటుంబములో అందరి సేవను గుర్తించే మాట పెట్టడానికి ప్రజల ఓటు అడిగారు. నూటికి సుమారు 74 మంది వద్దన్నారు. వద్దన్న వారందరు స్త్రీ ఇంటిలోనే ఉండవలెనని కోరినవారు కారు. సేవ చేసేవారికి కొత్త మాట గట్టి సహాయము ఏదీ ఇవ్వదని పలువురు భావించారు. అదే సంవత్సరము నవంబరు ఎన్నికలలో గెలిచిన 174 మంది శాసనసభ్యులలో స్త్రీలు 44 మంది మాత్రమే.

వ్రాసిన నియమము పోయినది, వ్రాయని నియమము మన ఇండ్లలో ఉన్నది. బిడ్డకు జ్వరము వచ్చినా, అత్తగారు మంచము పట్టినా సెలవు పెట్టేది ఎవరు? కోడలే. ఆ ఏండ్లలో ఆగిన జీతము, పెరగని హోదా, తగ్గే పింఛను ఆమె ఖాతాలోనే పడుతున్నవి.

పెళ్ళి మాటలనాడు జాతకాలు చూసుకుంటాము, పెట్టుపోతలు మాట్లాడుకుంటాము. పిల్లలను ఎవరు చూస్తారు, ఆమె ఉద్యోగము మానితే ఆ ఏండ్లకు ఆమె పేర ఎంత దాస్తారు అనే మాట కూడ ఆ రోజే పెద్దల ఎదుట తేల్చుకోవలెను. ఇందుకు ఏ చట్టమూ అక్కరలేదు.