నల్ల ప్రయాణికుడి పేరు చేనీ

‘మిసిసిపీ బర్నింగ్’ (1988) చిత్రాన్ని నేను మొదట విశ్వవిద్యాలయ హాస్టల్లో చూశాను. ప్రారంభ దృశ్యంలోనే పక్కపక్కన రెండు మంచినీటి కుళాయిలు కనిపిస్తాయి. ఒకటి తెల్లవారికి, రెండవది నల్లవారికి. టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి వింటూ పెరిగిన మాకు ఆ దృశ్యాన్ని ఎవరూ వివరించనక్కరలేకపోయింది. తరువాత క్షౌరశాలలో ఎఫ్‌బీఐ అధికారి ఆండర్సన్ (జీన్ హాక్‌మన్) డిప్యూటీ షెరీఫ్ మీద కత్తి ఎత్తినప్పుడు గది దద్దరిల్లింది. నేనూ చప్పట్లు కొట్టాను.

ఏళ్ల తరువాత మళ్లీ చూసినప్పుడు చివర వచ్చే నటీనటుల జాబితా దగ్గర ఆగిపోయాను. హత్యకు గురైన ముగ్గురు యువకులకు అందులో పేర్లు లేవు. గడ్డాన్ని బట్టి ఒకడు ‘పిల్లిగడ్డం’, మరొకడు ‘ప్రయాణికుడు’, మూడవవాడు ‘నల్ల ప్రయాణికుడు’.

నిజానికి 1964 జూన్ 21న కారు నడిపింది ఆ నల్ల యువకుడే. పేరు జేమ్స్ చేనీ, వయసు 21, మిసిసిపీలోని మెరిడియన్ పట్టణవాసి. న్యూయార్క్ నుంచి వచ్చిన మైఖేల్ ష్వెర్నర్‌కు 24, ఆండ్రూ గుడ్‌మన్‌కు 20. నల్లవారిని ఓటర్లుగా నమోదు చేయించే ‘ఫ్రీడం సమ్మర్’ కార్యకర్తలు వారు. నెషోబా కౌంటీలో మౌంట్ జయాన్ అనే నల్లవారి చర్చి ఉద్యమ పాఠశాలకు చోటిస్తానన్నది. జూన్ 16న కు క్లక్స్ క్లాన్ మూక అక్కడి సంఘస్థులను కొట్టి చర్చిని తగులబెట్టింది. బాధితులను పలకరించి తిరిగివస్తున్న ముగ్గురినీ అతివేగం నెపంతో డిప్యూటీ షెరీఫ్ సెసిల్ ప్రైస్ నిర్బంధించాడు. రాత్రి పొద్దుపోయాక విడిచిపెట్టి, వెంటాడి మళ్లీ పట్టుకుని క్లాన్ చేతికి అప్పగించాడు. 44 రోజుల తరువాత శవాలు ఒక మట్టికట్ట కింద దొరికాయి.

కొంపలు కాలతాయని తెలిసీ పాఠశాలకు చోటిచ్చిన అలాంటి మనుషులు తెరమీద ప్రధానంగా ప్రార్థిస్తారు, పరుగెడతారు, మౌనంగా చూస్తారు. పోరాడేది ఇద్దరు తెల్ల అధికారులు. దర్శకుడు ఆలన్ పార్కర్ దీన్ని దాచలేదు. నాయకులు తెల్లవారు కాక తప్పలేదనీ, అది సినీరంగానికే కాక సమాజానికీ అద్దమనీ ఒప్పుకున్నాడు. ఒప్పుకోలు మెచ్చదగినదే, కాని దానివల్ల చేనీకి స్టీరింగ్ తిరిగి రాలేదు. 2019 నాటి హిందీ చిత్రం ‘ఆర్టికల్ 15’ మీద మన దేశంలో వచ్చిన విమర్శ కూడా ఇదే. దళిత బాలికల హత్య కథలో నాయకుడు బ్రాహ్మణ ఐపీఎస్ అధికారి.

తెరమీద న్యాయం కోసం రగిలిపోయిన ఎఫ్‌బీఐ, బయట అదే 1964లో మార్టిన్ లూథర్ కింగ్‌ను కుంగదీయడానికి ఆకాశరామన్న ఉత్తరం పంపిన సంస్థ. ఆ ముగ్గురి కోసం అది గాలించిందీ నిజమే. అయితే ఆ వేసవిలోనే హెన్రీ డీ, చార్లెస్ మూర్ అనే 19 ఏళ్ల నల్ల యువకుల శవాలు నదిలో బయటపడ్డాయి. వారి కోసం దేశం కదలలేదు. ఆ కేసులో దోషిగా జేమ్స్ ఫోర్డ్ సీల్ తేలేసరికి 2007 వచ్చింది. చేనీ ఒక్కడే మాయమై ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదని ష్వెర్నర్ భార్య రీటా అప్పుడే బహిరంగంగా చెప్పింది. అంత సూటి మాట ఈ సినిమాలో నాకు వినిపించలేదు.

రాష్ట్రం హత్యకేసే పెట్టలేదు. పౌరహక్కుల ఉల్లంఘనకు కుట్ర అనే ఫెడరల్ అభియోగంపై 1967లో, అందరూ తెల్లవారే ఉన్న జ్యూరీ 18 మందిలో ఏడుగురినే దోషులన్నది. ఎవరూ ఆరేళ్లకు మించి జైల్లో లేరు. కుట్రకు సూత్రధారి, మతబోధకుడు ఎడ్గార్ రే కిల్లెన్‌ను మనుష్యవధ నేరానికి దోషిగా తేల్చింది 2005 జూన్ 21న, అంటే సరిగ్గా 41 ఏళ్లకు.

ష్వెర్నర్‌ను చేనీ పక్కనే పూడ్చాలని అతని కుటుంబం కోరుకున్నది. మిసిసిపీలో శ్మశానాలు కూడా వేరువేరు కావడంతో అది జరగలేదు. చేనీని మెరిడియన్‌లో ఒంటరిగా సమాధి చేశారు. సినిమా చివరి దృశ్యంలోనూ ఒక సమాధిరాయి ఉంది. దానిపై భాగాన్ని ఎవరో విరగ్గొట్టారు. 1964 అన్న అంకె, మరచిపోలేదన్న మాట మిగిలాయి. పేరు ఉండవలసిన ముక్క లేదు.