ఇచ్చోడ చుట్టుపక్కల ఎన్ని విశేషాలో!

హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద నిర్మల్ ఘాట్లు ఎక్కి, నేరడిగొండ దాటితే ఇచ్చోడ వస్తుంది. లారీలు, బస్సులు చాయ్ కోసం ఓ పది నిమిషాలు ఆగి ముందుకు సాగిపోతాయి. ఆగినవాళ్లలో చాలామందికి తెలియదు గాని, ఈ ఊరి నుంచి ఎటు తిరిగినా అడవి, జలపాతాలు, జాతరలు, పోరాటాల చరిత్ర ఎదురవుతాయి.

కడెం వాగునే తీసుకోండి. బోథ్, బజార్‌హత్నూర్ వైపు గుట్టల్లో పుట్టిన ఈ వాగు గోదావరిలో కలిసేలోపు ఒక్కటే ఎన్ని దూకులు దూకుతుందో! బజార్‌హత్నూర్ మండలం గిర్నూర్ దగ్గర కనకాయి జలపాతం, నేరడిగొండ మండలం తర్ణం ఖుర్ద్ అడవిలో గాయత్రి జలపాతం, ఆ మండలంలోనే కుంటాల. మూడూ ఆ వాగు చలవే. కుంటాల దగ్గర నీళ్లు సుమారు 147 అడుగుల ఎత్తు నుంచి మెట్లుమెట్లుగా ఉన్న రాళ్ల మీదుగా పడతాయి. పక్కనే రాతి గుహలో సోమేశ్వరుడు కొలువై ఉన్నాడు. శివరాత్రికి భక్తులు ఆ రాళ్ల మధ్య నుంచే వెళ్లి దర్శనం చేసుకుంటారు. బోథ్ మండలంలోని పొచ్చెర ఎత్తులో తక్కువే, సుమారు 20 మీటర్లు. కాని వెడల్పుగా, హోరుమంటూ దూకుతుంది. వానాకాలంలో రెండూ చూసినవాళ్లు పొచ్చెరకే ఎక్కువ మార్కులు వేస్తే ఆశ్చర్యం లేదు.

వేసవిలో సన్నగా పారే ఈ వాగు ఉగ్రరూపం ఎలా ఉంటుందో 2022 జులైలో కిందనున్న కడెం ప్రాజెక్టు చూసింది. 18 గేట్లున్న ఆ ఆనకట్టకు వరద 5 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. గేట్ల సామర్థ్యం కంటే అది చాలా ఎక్కువ. ఊళ్లు ఖాళీ చేయించారు. అయినా కట్ట నిలిచింది.

ఇచ్చోడ మండలంలోని సిరిచెల్మలో పాత శివాలయం ఉంది. శివరాత్రి వస్తే చుట్టుపక్కల గూడేల జనమంతా అక్కడే. ఈ మండలంలోదే ముఖ్రా(కె) అనే చిన్న పల్లె. ఊరి చెత్తతో ఎరువు తయారుచేసి, అమ్మి, ఆ డబ్బుతో సౌరఫలకాలు పెట్టించుకుని దేశమంతా పేరు తెచ్చుకుంది.

ఇక సిరికొండ. 2016లో కొత్త మండలం కాకముందు ఇదీ ఇచ్చోడ మండలంలోని ఊరే. గోండుల దేవుడు నాగోబా జాతరకు కావలసిన మట్టికుండలు చేసేది ఇక్కడి కుమ్మరి కుటుంబమే. తరతరాలుగా ఆ జాతర జరిపే మెస్రం వంశీయులు వాళ్ల దగ్గరికే వచ్చి కుండలు చేయమని అడుగుతారు. గోండుల ఇంటి దేవుడి పూజ కుమ్మరి ఇంటి కుండ లేనిదే జరగదు. ఈ బంధం నాకు జాతరంత గొప్పదిగా కనిపిస్తుంది.

ఆ జాతర ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య రాత్రి మొదలవుతుంది. కాని అసలు పని అంతకు ఎన్నో రోజుల ముందే ఆరంభం. మెస్రం వాళ్లు చెప్పులు లేకుండా అడవి దారుల్లో నడుస్తూ జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా వెళ్లి, గోదావరి నీళ్లను ఝారిలో తెస్తారు. తిరుగు దారిలో ఇంద్రవెల్లిలో ఇంద్రాయి దేవతకు మొక్కుతారు. కేస్లాపూర్ చేరాక మర్రిచెట్ల కింద విడిది. వేలమంది వచ్చినా ఆ వంశం వాళ్లు వండుకునేది 22 పొయ్యిల మీదే. వాళ్లలోని శాఖలు 22 మరి. ఎవరి వంతు వచ్చేదాకా వాళ్లు ఆగాల్సిందే, తొందరపడేవాళ్లు కనిపించరు. గంగాజలంతో పూజ అయ్యాక, ఆ ఏడాది పెళ్లయి వచ్చిన కోడళ్లు తెల్లచీరల్లో, తలమీద ముసుగుతో పెద్దల ముందుకు వస్తారు. దాన్ని ‘భేటింగ్’ అంటారు. అది అయితేనే ఆ అమ్మాయి మెస్రం ఇంటి మనిషి.

ఇప్పుడున్న నాగోబా గుడి నల్లరాతితో కట్టింది. కోట్లలో అయిన ఖర్చును మెస్రం కుటుంబాలే చందాలు వేసుకుని భరించాయి. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగింది. రైతులు, కూలీలు ఎక్కువగా ఉన్న వంశం ఇంత పని చేసిందంటే మెచ్చుకోకుండా ఎలా ఉంటాం?

జాతరలో అధికారులు ప్రజల ముందు కూర్చుని గోడు వినే దర్బారుకు నాంది పలికింది ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్. నిజాం మీద పోరాడిన గోండు నాయకుడు కొమురం భీం 1940లో జోడెఘాట్ కొండల్లో నేలకొరిగాక, గోండుల కష్టాలేమిటో తెలుసుకోవలసిన అవసరం నిజాం సర్కారుకు వచ్చింది. ఆ పని మీద వచ్చిన హైమన్‌డార్ఫ్, భార్య బెట్టీతో కలిసి జైనూర్ మండలం మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. ఇప్పుడు భార్యాభర్తల సమాధులు ఆ ఊళ్లోనే పక్కపక్కన ఉన్నాయి. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు కూడా మార్లవాయి మనిషే.

ఇంద్రవెల్లి పేరు చెబితే 1981 ఏప్రిల్ 20 తలచుకోకుండా ఉండలేం. భూమి హక్కుల కోసం సభకు వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవారు 13 మంది. అంతకు ఎన్నో రెట్లని పౌరహక్కుల సంఘాలు, ఊళ్లవాళ్లు అంటూనే ఉన్నారు. అమరుల కోసం కట్టిన స్తూపాన్ని 1986లో కూల్చేశారు. మరుసటి ఏడాది మళ్లీ కట్టారు. ఎర్రటి ఆ స్తూపం దగ్గర ఆగి తలవంచకుండా ఇంద్రవెల్లి దాటకూడదు.

నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన పాత చేతిరాత పుస్తకాలు గోండీకి సొంత లిపి ఉందని లోకానికి చాటాయి. దాన్ని చదవగలిగిన పెద్దలు ఊళ్లో కొద్దిమందే మిగిలి ఉన్న వేళ పండితులు అక్కడికి చేరారు. 2018లో గుంజాల గోండీ యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు ఆ అక్షరాలను కంప్యూటర్‌లో టైపు చేయవచ్చు. జైనూర్ మండలం ఉషేగావ్ ఓజుల డోక్రా బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది కూడా 2018లోనే. మట్టి ముద్ద మీద మైనం తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. మొహెంజొదారో నర్తకి బొమ్మను పోత పోసింది కూడా ఈ విధానంలోనే.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. జలపాతాలకు వానలు పడ్డాక, జులై నుంచి నవంబరు లోపల వెళ్లండి. కుంటాలలో నాచు పట్టిన బండలు మోసం చేస్తాయి. అక్కడ ఎంతోమంది ప్రాణాలు పోయాయి, నీళ్లలోకి దిగకండి. కేస్లాపూర్‌కు జాతర వేళ వెళితే, పూజల దగ్గర కెమెరా తీసేముందు మెస్రం పెద్దలను అడగండి.